ప్రెగ్నెన్సీ నుంచి పుట్టే గడ్డ, మన సుబ్బారావు గారి మందు, ఒక మొండి డాక్టర్

ఈ ఎపిసోడ్ సూర్యలంక నుంచి చేస్తున్నాను. వెనకాల అలల సౌండ్ వస్తుంది, ఇయర్‌ఫోన్స్‌లో వినేవాళ్లు కాస్త అడ్జస్ట్ అయిపోండి.

ఇవాళ మీకు బాగా తెలిసిన రెండు వస్తువులతో మొదలుపెడదాం. ఒకటి, గవర్నమెంట్ హాస్పిటల్లో గర్భిణులకి ఇచ్చే ఎర్ర మాత్ర, అంటే ఐరన్ ఫోలిక్ యాసిడ్. మీ అక్కకో వదినకో ఇచ్చే ఉంటారు, వాసన నచ్చట్లేదని వాళ్లు పక్కన పడేసే ఉంటారు. రెండోది, మెడికల్ షాపులో దొరికే ప్రెగ్నెన్సీ టెస్ట్ స్ట్రిప్. రెండు గీతలు వస్తే పాజిటివ్, ఒక గీత వస్తే నెగెటివ్. ఈ రెండూ కలిసి ఒక క్యాన్సర్‌ని ఓడించాయని చెప్తే నమ్ముతారా? ఆ కథలో మన భీమవరంలో పుట్టిన ఒకాయన కూడా ఉన్నాడు. ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చదివి కోడింగ్ చేసుకునేవాణ్ని. ఇది ట్రీట్‌మెంట్ సలహా కాదు, హిస్టరీ. కానీ ఈ హిస్టరీ తెలిస్తే మన ఇంట్లో ఒక ప్రాణం నిలబడొచ్చు. అందుకే చివరిదాకా వినండి.

ముందు ఆ జబ్బు ఏంటో చూద్దాం. కడుపులో బిడ్డ పడ్డాక బిడ్డతో పాటు మావి కూడా పెరుగుతుంది. మన ఊళ్లల్లో మాయ అంటారు. ఆ మావి కణాలు చేసే పని చాలా విచిత్రంగా ఉంటుంది. తల్లి గర్భసంచి గోడలోకి చొచ్చుకెళ్లి, అక్కడి రక్తనాళాల్ని పట్టుకుని, బిడ్డకి కావాల్సింది లాక్కొస్తాయి. ఒక రకంగా క్యాన్సర్ చేసే పని కూడా అదే. తేడా ఎక్కడంటే, మావికి ఎక్కడ ఆగాలో తెలుసు. క్యాన్సర్‌కి తెలీదు.

కొన్నిసార్లు ఈ మావి కణాలు కూడా ఆగడం మర్చిపోతాయి. బిడ్డ ఏర్పడకుండా ద్రాక్షగుత్తిలా నీటి బుడగలు మాత్రమే పెరిగితే దాన్ని ముత్యాల గర్భం అంటారు. దాన్ని శుభ్రం చేసి తీసేస్తే చాలామందికి అంతటితో సరిపోతుంది. కొద్దిమందిలో మాత్రం మిగిలిపోయిన కణాలు మళ్లీ పెరగడం మొదలుపెడతాయి. వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనదాని పేరు కోరియోకార్సినోమా. ఇది ముత్యాల గర్భం తర్వాత రావచ్చు, అబార్షన్ తర్వాత రావచ్చు, అరుదుగా మామూలు కాన్పు అయ్యాక కూడా రావచ్చు. రక్తంలో కలిసి ఊపిరితిత్తులకి వెళ్తుంది, మెదడుకి వెళ్తుంది. యోని దగ్గర, ఇంకా అరుదుగా గర్భసంచి ముఖద్వారం దగ్గర కూడా గడ్డలా కనపడుతుంది.

అసలు చిక్కు అక్కడే ఉంది. ముఖద్వారం దగ్గర రక్తం కారే గడ్డ కనపడితే ఎవరికైనా మొదట వచ్చే అనుమానం మామూలు సర్వైకల్ క్యాన్సర్. దాన్ని తేల్చాలంటే చిన్న ముక్క తీసి టెస్ట్‌కి పంపిస్తారు, అదే బయాప్సీ. కానీ ఇది మావి నుంచి పుట్టిన గడ్డ అయితే మొత్తం రక్తనాళాలే. కోస్తే రక్తం ఆపడమే కష్టమవుతుంది. పైగా రెండిటి ట్రీట్‌మెంట్‌కీ సంబంధమే లేదు. సర్వైకల్ క్యాన్సర్‌కి ఆపరేషన్, రేడియేషన్. దీనికి మందు. కాబట్టి ఈ గడ్డ ఎవరిది, సొంత గర్భసంచిదా, లేక మావిదా అని కొయ్యకుండా తెలుసుకోవాలి. ఆ దారి దొరకడానికి దాదాపు ముప్ఫై ఏళ్లు పట్టింది.

1895కి వెళ్దాం. జర్మనీలో ఫెలిక్స్ మార్షాండ్ అనే పాథాలజిస్ట్ ఈ గడ్డల్ని మైక్రోస్కోప్ కింద చూసి, ఇవి తల్లి గర్భసంచి కణాలు కావు, ప్రెగ్నెన్సీ నుంచి వచ్చిన కణాలు అని తేల్చాడు. అంతవరకూ డాక్టర్లలో దాని గురించి పెద్ద వాదనే ఉండేది. సరే, తేలింది, కానీ పేషెంట్‌కి ఏం లాభం? ఏమీ లేదు. గర్భసంచి తీసేయడం తప్ప ఇంకో దారి లేదు. అప్పటికే ఊపిరితిత్తులకి పాకితే అదీ పనిచెయ్యదు.

అదే కాలంలో మన వైపు పరిస్థితి ఏంటి? 1883లో అమెరికా నుంచి ఆనా కుగ్లర్ అనే లేడీ డాక్టర్ గుంటూరు వచ్చింది. 1898లో అక్కడ ఆడవాళ్ల కోసం హాస్పిటల్ మొదలైంది. గుంటూరులో ఇప్పటికీ కుగ్లర్ హాస్పిటల్ అంటే పెద్దవాళ్లకి తెలుసు. అంతకుముందు ఈ సముద్రం ఒడ్డున ఒక ఆడమనిషికి కాన్పు అయ్యాక రక్తం ఆగకపోతే, గాలి సోకిందనో దిష్టి తగిలిందనో అనుకోవడమే. అలాగని జర్మనీలో ఉన్నావిడ అదృష్టవంతురాలేం కాదు. జబ్బు పేరు తెలిసి చనిపోయేది, అంతే తేడా.

ఇప్పుడు టెస్ట్ స్ట్రిప్ కథ. 1920ల చివర్లో బెర్లిన్‌లో సెల్మార్ ఆష్‌హైమ్, బెర్నార్డ్ జోండెక్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక విషయం కనిపెట్టారు. గర్భిణి మూత్రాన్ని చిన్న ఆడ ఎలుకలకి ఇంజెక్ట్ చేస్తే, కొన్ని రోజుల్లో ఆ ఎలుకల అండాశయాలు పెద్దవాటిలా మారిపోతున్నాయి. అంటే గర్భిణి మూత్రంలో ఒక హార్మోన్ ఉంది. దాన్నే ఇప్పుడు హెచ్‌సీజీ అంటున్నాం. నమ్మదగ్గ మొదటి ప్రెగ్నెన్సీ టెస్ట్ అదే. కాకపోతే ప్రతి టెస్ట్‌కీ ఎలుకల్ని చంపి, కోసి చూడాల్సి వచ్చేది. తర్వాత కుందేళ్లు వచ్చాయి, ఆ తర్వాత కప్పలు వచ్చాయి.

ఇక్కడ ఇంకో సంగతి బయటపడింది. ముత్యాల గర్భం, కోరియోకార్సినోమా ఉన్నవాళ్ల మూత్రంతో చేస్తే ఈ టెస్ట్ మామూలు గర్భిణి కన్నా చాలా గట్టిగా పాజిటివ్ వచ్చేది. ఎందుకంటే ఆ హార్మోన్ తయారుచేసేది మావి కణాలే. అవి అడ్డూ అదుపూ లేకుండా పెరిగితే హార్మోన్ కూడా అలాగే పెరుగుతుంది. అంటే గడ్డని కొయ్యక్కర్లేదు. అది తన అడ్రస్ తనే మూత్రంలో రాసి పంపిస్తోంది. మన ఫీల్డ్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, స్క్రీన్ మీద ఏ ఎర్రర్ లేకపోయినా లాగ్ ఫైల్‌లో మాత్రం పడుతూనే ఉంటుంది కదా, అలాగ. ఈ పోలిక గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

జబ్బుని కనిపెట్టే దారి దొరికింది. ఇక మందు కావాలి. ఆ మందు దారి బొంబాయి నుంచి మొదలవుతుంది.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టర్ బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్లకి ప్రెగ్నెన్సీలో ఒక భయంకరమైన రక్తహీనత వచ్చేది. ఐరన్ ఇచ్చినా తగ్గేది కాదు. వాళ్ల తిండిలోనే ఏదో లోపం ఉందని ఈవిడ పట్టుకుంది. ఈస్ట్ నుంచి తీసే మార్మైట్ అనే చవక పదార్థం ఇచ్చి చూస్తే రక్తం కోలుకుంది. 1931లో ఆ సంగతి పేపర్‌గా రాసింది. మార్మైట్‌లో ఉన్న ఆ పదార్థం ఏంటో అప్పటికి తెలీదు. అదే తర్వాత ఫోలిక్ యాసిడ్ అని తేలింది. ఎర్ర మాత్ర చరిత్ర అలా మన దేశపు గర్భిణులతోనే మొదలైంది.

ఇప్పుడు మన హీరో ఎంట్రీ. యల్లాప్రగడ సుబ్బారావు గారు. పుట్టింది 1895 జనవరి 12న భీమవరంలో. అవును, మార్షాండ్ ఆ గడ్డ గుట్టు విప్పిన సంవత్సరమే. బీద కుటుంబం. మెట్రిక్ మూడో ప్రయత్నంలో పాసయ్యాడు. మన సప్లీ బ్యాచ్ ఎవరైనా వింటుంటే కాలర్ ఎగరేసుకోవచ్చు. అన్నదమ్ముల్లో ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, రక్తం పడిపోతుంది, మనిషి క్షీణించిపోతాడు. సుబ్బారావు గారికి కూడా అది వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డాడు.

మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీ గారి పిలుపు విని ఖద్దరు సర్జికల్ డ్రెస్ వేసుకున్నాడు. తెల్ల ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా కింది ఎల్‌ఎంఎస్. 1922లో మామగారి సాయంతో బోస్టన్‌లో దిగాడు. ఖర్చుల కోసం హాస్పిటల్లో రాత్రిపూట బెడ్‌పాన్లు కడిగే పని కూడా చేశాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి చేసిన ఫాస్ఫరస్ టెస్ట్ ఇప్పటికీ బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఫిస్క్ సుబ్బారావ్ మెథడ్ పేరుతోనే ఉంది. మన కండరాలకి శక్తినిచ్చే ఏటీపీ మీద కూడా వాళ్లు పనిచేశారు. అంత చేసినా హార్వర్డ్ ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ అనే మందుల కంపెనీకి మారాడు.

అక్కడ ఆయన నడిపించిన టీమ్ 1945లో ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది. దాంతో స్ప్రూకి, గర్భిణుల రక్తహీనతకి మందు దొరికింది. అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన జబ్బుకి మందు కనిపెట్టిన మనిషి అన్నమాట. చాలామంది అయితే అక్కడితో ఆగిపోతారు. సుబ్బారావు గారి టీమ్ దాన్ని తిరగేసింది.

లాజిక్ చాలా సింపుల్. కొత్త కణం పుట్టాలంటే డీఎన్‌ఏ కాపీ అవ్వాలి. ఆ కాపీకి ఫోలిక్ యాసిడ్ కావాలి. మరి ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపించే నకిలీ తాళంచెవి ఒకటి తయారుచేసి కణానికి ఇస్తే? తాళంలో దూరుతుంది, కానీ తిరగదు. పైగా అసలు తాళంచెవిని దూరనివ్వదు. కణం కాపీ అవ్వలేక ఆగిపోతుంది. వేగంగా పెరిగే కణాలకి దెబ్బ ముందు తగులుతుంది. అలా వచ్చిన మందు అమినోప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ దాన్ని బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చాడు. 1948లో ఆయన రాసిన రిపోర్ట్ ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. కొన్ని నెలలే, తర్వాత మళ్లీ వచ్చేసింది. కానీ మందుతో క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని ప్రపంచం చూసింది. అమినోప్టెరిన్‌కి తమ్ముడు లాంటి ఇంకో మందు కూడా అదే టీమ్ నుంచి వచ్చింది. దాని పేరు మెథోట్రెక్సేట్.

1948 ఆగస్టులో సుబ్బారావు గారు 53 ఏళ్లకే చనిపోయారు. ఆ మందు ఏ క్యాన్సర్‌ని పూర్తిగా నయం చేస్తుందో ఆయన చూడలేదు.

దాన్ని చూసింది మిన్ చియు లీ. ఈయన కూడా వలస వచ్చినవాడే, చైనా నుంచి అమెరికాకి. న్యూయార్క్‌లో పనిచేసేటప్పుడు, ఇలాంటి ఫోలిక్ యాసిడ్ విరుగుడు మందు ఇచ్చిన ఒక క్యాన్సర్ పేషెంట్ మూత్రంలో హెచ్‌సీజీ లాంటి హార్మోన్ తగ్గడం గమనించాడు. అక్కడ ఆయనకి లైట్ వెలిగింది. హార్మోన్ తగ్గుతోందంటే, ఆ హార్మోన్ తయారుచేసే కణాలే చస్తున్నాయేమో కదా? మరి హెచ్‌సీజీని తయారుచేసే కోరియోకార్సినోమా మీద ఈ మందు వాడితే? ఆ తర్వాత ఆయన బెథెస్డాలో ఉన్న నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో రాయ్ హెర్ట్జ్ దగ్గర చేరాడు. హెర్ట్జ్ అంతకుముందే కోడిపిల్లల మీద ప్రయోగాలు చేసి, ఆడ అవయవాలు పెరగాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలని చూపించినవాడు. అంటే ఇద్దరూ రెండు వైపుల నుంచి ఒకే చోటికి వచ్చారు.

మొదట మందు ఇచ్చిన పేషెంట్ బతకలేదు, జబ్బు అప్పటికే చాలా ముదిరిపోయింది. కానీ ఆ తర్వాత, ఊపిరితిత్తుల నిండా గడ్డలు ఉన్న ఒక యువతికి మెథోట్రెక్సేట్ ఇస్తూ పోయారు. నెలలు గడిచేకొద్దీ ఎక్స్‌రేలో గడ్డలు చిన్నవయ్యాయి, తర్వాత కనపడకుండా పోయాయి. 1956లో లీ, హెర్ట్జ్, వాళ్ల సహచరుడు స్పెన్సర్ కలిసి ఆ ఫలితాల్ని ప్రచురించారు. ఒంట్లో పాకిపోయిన ఒక గడ్డ క్యాన్సర్ కేవలం మందుతో పూర్తిగా నయమవడం ప్రపంచ చరిత్రలో అదే మొదటిసారి అని చెప్తారు.

ఇక్కడ కథ అయిపోలేదు. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

ఎక్స్‌రే క్లీన్. పేషెంట్ లేచి తిరుగుతోంది. రక్తం ఆగింది. అందరూ ఇంక చాలు అన్నారు. కానీ మూత్రంలో హెచ్‌సీజీ ఇంకా కొంచెం మిగిలి ఉంది. లీ వినలేదు. ఆ నంబర్ సున్నా అయ్యేదాకా మందు ఆపను అన్నాడు. మెథోట్రెక్సేట్ తేలికైన మందేం కాదు, నోరు పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి. బాగైన మనిషికి విషం ఎక్కిస్తున్నాడని పైవాళ్లకి కోపం వచ్చింది. చివరికి ఆయన్ని ఇన్‌స్టిట్యూట్ నుంచి పంపించేశారు.

తర్వాత ఏం తేలింది? కంటికి జబ్బు కనపడకుండా పోగానే మందు ఆపేసినవాళ్లకి అది తిరిగి వచ్చింది. నంబర్ పోయేదాకా మందు తీసుకున్నవాళ్లకి రాలేదు. లాగ్ ఫైల్ గుర్తుందా? అందరూ స్క్రీన్ చూసి టికెట్ క్లోజ్ చేసేద్దాం అన్నారు. లీ ఒక్కడే లాగ్ చూశాడు. 1972లో లీకి, హెర్ట్జ్‌కి పెద్ద గౌరవమైన లాస్కర్ అవార్డు ఇచ్చారు. ఇప్పుడు చాలా క్యాన్సర్లలో స్కాన్ బాగున్నా కొన్నాళ్లు మందు కొనసాగిస్తారు. ఎందుకు అని ఎవరైనా అడిగితే, ఆ ఆలోచన బలపడటంలో ఈ జబ్బుకి పెద్ద చెయ్యి ఉంది.

అదే 1972లో, అదే బెథెస్డాలో జుడిత్ వైటుకైటిస్ అనే డాక్టర్, ఆవిడ సహచరులు హెచ్‌సీజీని చాలా కచ్చితంగా కొలిచే బ్లడ్ టెస్ట్ తయారుచేశారు. వాళ్లకి కావాల్సింది ఇలాంటి గడ్డలున్న పేషెంట్లలో మిగిలిపోయిన చిన్న జాడని పట్టుకోవడం. ఆ పని నుంచే త్వరగా, కచ్చితంగా చెప్పే ప్రెగ్నెన్సీ టెస్టులకి దారి పడింది. ఇవాళ మెడికల్ షాపులో కొనే స్ట్రిప్‌కి ఆ క్యాన్సర్ వార్డుతో చుట్టరికం ఉంది అన్నమాట.

ఇదే మందు ముఖద్వారం దగ్గర ఇంకో అరుదైన సమస్యకి కూడా పనికొచ్చింది. కొన్నిసార్లు గర్భం సంచిలో కాకుండా ముఖద్వారంలోనే అంటుకుంటుంది. సంచి బయట నిలిచే గర్భాల్లో ఇది ఒక శాతం కన్నా తక్కువ. ఉబ్బి, ఎర్రబడి, రక్తం కారుతూ అచ్చం గడ్డలా కనపడుతుంది. ఒకప్పుడు శుభ్రం చేయబోతే రక్తం ఆగేది కాదు, ప్రాణం కాపాడటానికి గర్భసంచే తీసేయాల్సి వచ్చేది. అల్ట్రాసౌండ్ వచ్చాక ముందే కనపడుతోంది. 1980ల నుంచి మెథోట్రెక్సేట్ వాడటం మొదలయ్యాక చాలామందికి గర్భసంచి నిలబడుతోంది, తర్వాత పిల్లలు కూడా పుడుతున్నారు. ఒక్క మాట మాత్రం జాగ్రత్త. కడుపులో నిలుపుకోవాల్సిన బిడ్డ ఉన్నప్పుడు మెథోట్రెక్సేట్ ఆ బిడ్డకి విషం. ఇది పూర్తిగా డాక్టర్ చేతిలో ఉండాల్సిన మందు.

ఇక మన దగ్గరికి వద్దాం. ఈ జబ్బులో ఇప్పుడు మందు కొరత కాదు సమస్య. మెథోట్రెక్సేట్ పాత మందు, దేశంలో అత్యవసర మందుల లిస్టులో ఉంది. తొందరగా పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది. సమస్య ఫాలో అప్. పూర్తి ముత్యాల గర్భం తీసేశాక 100 మందిలో 15 నుంచి 20 మందికి మిగిలిన కణాలు మళ్లీ పెరిగి మందు అవసరమవుతుంది. ఆ 15 మంది ఎవరో మొహం చూసి చెప్పలేం, హెచ్‌సీజీ నంబరే చెప్పాలి. అందుకే మొదట వారం వారం, అది మామూలు స్థాయికి వచ్చాక కొన్ని నెలలు నెలకోసారి టెస్ట్ చేయించుకోమంటారు. అన్నాళ్లూ మళ్లీ గర్భం రాకుండా చూసుకోమంటారు, ఎందుకంటే కొత్త గర్భం వస్తే నంబర్ దేనివల్ల పెరిగిందో తెలీదు.

బ్రిటన్‌లో 1973 నుంచి దీనికి ఒక పద్ధతి పెట్టారు. ముత్యాల గర్భం వచ్చిన వాళ్ల పేరు రిజిస్టర్ చేస్తారు. సాంపిల్ పోస్టులో పెద్ద సెంటర్‌కి వెళ్తుంది, నంబర్ వాళ్లు చూస్తారు. అంటే పేషెంట్ తిరగక్కర్లేదు, సాంపిల్ తిరుగుతుంది. ఇప్పుడు సూర్యలంకలో వేటకెళ్లే ఇంటి కోడల్ని ఊహించుకోండి. బాపట్ల తొమ్మిది కిలోమీటర్లు, పెద్ద హాస్పిటల్ అంటే గుంటూరు. వారం వారం వెళ్లాలంటే ఒక కూలి పోవాలి, తోడు ఒక మనిషి రావాలి, ఇంట్లో పిల్లల్ని ఎవరో చూడాలి. మూడో వారానికి రక్తం ఆగిపోతుంది. ఇంకెందుకే, బాగానే ఉన్నావుగా అంటారు ఇంట్లో. సరిగ్గా 1950ల్లో లీతో పైవాళ్లు అన్న మాటే ఇది. అప్పుడు అన్నది పెద్ద డాక్టర్లు, ఇప్పుడు అంటున్నది మనం.

ఈ వీడియో చూసేవాళ్లలో ఎక్కువమంది మన ఏజ్ అబ్బాయిలే అని నాకు తెలుసు. ఇది ఆడవాళ్ల విషయం కదా అని స్కిప్ చెయ్యకండి. బండి తీసి హాస్పిటల్‌కి తీసుకెళ్లేది మీరే. ఫోన్‌లో రిమైండర్ పెట్టగలిగేదీ మీరే. కాన్పు గానీ అబార్షన్ గానీ అయ్యాక రక్తం వారాల తరబడి ఆగకపోతే, లేదా ఆగి మళ్లీ మొదలైతే, హెచ్‌సీజీ టెస్ట్ అవసరమా అని డాక్టర్‌ని నేరుగా అడగండి. ముత్యాల గర్భం అని చెప్తే, తీసేసిన కణజాలం ల్యాబ్‌కి పంపారా, నెక్స్ట్ టెస్ట్ ఎప్పుడు అని అడిగి రాసుకోండి. రిపోర్టులన్నీ ఒకే ఫైల్‌లో పెట్టండి, నంబర్లు వరసగా కనపడాలి. దిష్టి అనీ, ఆ అమ్మాయి జాతకం అనీ ఎవరైనా అంటే ఆపండి. ఆ అమ్మాయి తప్పు ఇందులో ఏమీ లేదు.

1995లో, సుబ్బారావు గారు పుట్టి వందేళ్లయిన సందర్భంగా, మన పోస్టల్ డిపార్ట్‌మెంట్ ఆయన పేరు మీద స్టాంప్ వేసింది. మంచిదే. కానీ మన జిల్లాలో ఏ అమ్మాయీ నంబర్ సున్నా అవ్వకుండానే ట్రీట్‌మెంట్ మధ్యలో ఆగిపోకపోతే, ఆయనకి దానికన్నా పెద్ద గౌరవం ఉండదని నాకనిపిస్తుంది. ఈ లింక్ మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి, మొహమాటపడకండి. మీ ఊరి పేరు కామెంట్‌లో రాయండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను ఫ్రెండ్స్.